ట్రాక్టరు హుక్కు, నా ఎడమ పాదం

ఇది రాయడానికి నవంబరు దాకా ఆగాను. ముందే రాసి ఉంటే ఇందులో కోపం తప్ప మరేమీ ఉండేది కాదు. కోపం ఇప్పుడూ ఉంది. కాని దాని పక్కన పెట్టుకోవడానికి ఒక అంకె దొరికింది. మొన్నటి పరీక్షలో డాక్టరు నా ఎడమ పాదం బలాన్ని అయిదుకు నాలుగని రాసింది. జూన్‌లో అది అయిదుకు ఒకటి. పాదాన్ని పైకెత్తే శక్తిని వాళ్ళు అలా కొలుస్తారు. సున్నా అంటే కదలిక లేదు, అయిదు అంటే మామూలు మనిషి. నడుము పట్టేసి ఇంట్లో పడుకొని, వచ్చిపోయే వాళ్ళ సలహాలు వింటున్నవారు ఎవరైనా ఉంటే ఇది వారి కోసం. నా మీద జాలిపడే వారి కోసం కాదు. వాళ్ళు ఇప్పటికే చాలామంది వచ్చి, టీ తాగి, వెళ్ళిపోయారు.

నాకు అరవై ఏడేళ్ళు. తార్నాకలో లిఫ్టు లేని భవనంలో రెండో అంతస్తున నేను, నా భార్య అనసూయ ఉంటాం. విశ్వవిద్యాలయం వర్క్‌షాపులో బోధకుడిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. క్యాంపస్‌లోని పాత ట్రాక్టరును చూసుకోమని ఆ తర్వాత మళ్ళీ పిలిచారు. దాని విడిభాగాలు ఇప్పుడు ఎక్కడా తయారు కావు. ఏది విరిగినా అతుకు పెట్టుకొని నడిపించుకోవాలి. దాన్ని నడిపే మల్లేశ్ జనగామ వైపు రైతు కుటుంబం నుంచి వచ్చినవాడు. నలభై దాటినవాడు, మాట దాచుకోనివాడు.

ట్రాక్టరు ఒకటే, యజమానులు ఇద్దరు. దానితో చెట్లకు నీళ్ళ ట్యాంకరు లాగించేది నీటి విభాగం. మైదానాల్లో గడ్డి కోయించేది తోటల విభాగం. ట్యాంకరు తగిలించాలంటే వెనక ఒక బరువైన హుక్కు చట్రం బిగించాలి. గడ్డి కోసే యంత్రం పెట్టాలంటే ఆ చట్రం ఊడదీసి, యంత్రాన్ని ఎత్తిపట్టే రెండు ఇనుప చేతులు తగిలించాలి. చట్రం నీటి విభాగం కొన్నది. చేతులు తోటల విభాగం కొన్నవి. ఒకరి ఇనుము మరొకరి దగ్గర పోతుందేమోనన్న అనుమానంతో, పని కాగానే ఎవరి ఇనుమును వారి గదిలో పెట్టి తాళం వేసుకోవాలని ఇద్దరూ తీర్మానించుకున్నారు. అందువల్ల మరునాడు మళ్ళీ ట్యాంకరే లాగాల్సి ఉన్నా సరే, సాయంత్రం చట్రం ఊడదీయాల్సిందే, పొద్దున తగిలించాల్సిందే. బరువును కిందినుంచి మోసే జాకీ కూడా నీటి విభాగం గదిలోనే ఉంటుంది. చట్రం బరువు ముప్పై ఎనిమిది కిలోలు. ఇది ఊహించి చెప్పడం లేదు. తార్నాకలో పాత ఇనుము కొట్టు కాంటా మీద పెట్టించి చూశాను.

జూన్ 12, గురువారం

మధ్యాహ్నం ట్రాక్టరు షెడ్డులో ఉన్నప్పుడు తోటల విభాగం అధికారి ఫోను చేశాడు.

"సార్, రేపు పొద్దుగాల్ల గెస్టులు వస్తున్నరు. గ్రౌండ్ల మోకాలంత గడ్డి ఉన్నది. వాళ్ళకు గమ్‌బూట్లు ఇయ్యాల్నా నేను?"

చట్రం ఇంకా ట్రాక్టరుకే ఉందని, జాకీ ఉన్న గదికి తాళం వేసి ఉందని, తాళం చెవి ఉన్న మనిషి భోజనానికి వెళ్ళాడని చెప్పాను.

"ఇన్నేండ్లు వర్క్‌షాపుల చేసినరు. జాకీ లేకుంటే ఊడదీయరాదా మీకు?"

ఆ ఒక్క వాక్యాన్ని నేను ఈ రోజుకీ క్షమించలేదు. క్షమించాలన్న ఉద్దేశమూ లేదు.

మల్లేశ్ పక్కనే నిలబడి అంతా విన్నాడు. "ఆయన మాటకేంది సార్! ఆయనకు స్పానర్ ఏదో పలుగు ఏదో తెల్వది. నేనొయ్యి ఆ తాళపోన్ని అన్నం కంచం మీదికెల్లి లేపుకొస్త. అప్పటిదాంక మీరు దాన్ని ముట్టకుండ్రి" అని వెళ్ళాడు.

చట్రం కింద ఇటుకలు పేర్చి, వాటి మీద పలక పెట్టి, బరువు దాని మీద ఆనేలా చూసి పై బోల్టులు విప్పాను. అంతవరకూ తప్పు లేదు. కింది పిన్నుల్లో ఒకటి తుప్పుతో బిగుసుకుపోయింది. సుత్తితో కొట్టాను. పిన్ను ఊడింది, ఆ అదురుకు పలక జారింది, చట్రం ఒకవైపు ఒరిగింది. దానికి పిన్ను దూరే పోత ఇనుప చెవి ఒకటి ఉంటుంది. సిమెంటు నేల మీద పడితే అది పగులుతుంది, పగిలితే మరొకటి దొరకదు. వంగి, రెండు చేతులా పట్టుకున్నాను.

అప్పుడే తిరిగొస్తున్న మల్లేశ్ షెడ్డు గుమ్మం నుంచి అరిచాడు: "ఇడిసిపెట్టుండ్రి సార్! పడనీయుండ్రి దాన్ని! ఇనుముకేమన్న నొప్పి లేస్తదా?"

పడనీయలేదు. మెల్లగా నేల మీదికి దించాను. నడుములో ఏదో తన చోటు వదిలి పక్కకు జరిగినట్టు తెలిసింది. నొప్పి వెంటనే రాలేదు. ముందు చెమట పట్టింది. చట్రానికి గీత కూడా పడలేదు.

జూన్ 14, శనివారం

గురువారం సాయంత్రం మల్లేశూ, మా భవనం వాచ్‌మనూ నన్ను కుర్చీలో కూర్చోబెట్టి రెండంతస్తులు మోశారు. ఆ తర్వాత మంచం దిగింది అవసరాలకు మాత్రమే. అదీ అనసూయ భుజం పట్టుకొని. నొప్పి ఎడమ పిరుదు నుంచి పిక్క దాకా ఒక తీగలా కాలుతూ దిగేది. దగ్గితే అరిచేవాణ్ణి. అనసూయ ఉప్పు మూట వేడిచేసి కాపడం పెడుతూ, నోటితో మాత్రం జాలి చూపలేదు.

"ఇంట్ల బియ్యం బస్తా జరుపుమంటే నడుము నొప్పి అంటరు. గాడ మంది ఇనుము కౌగిలించుకుంటరు."

ఆసుపత్రికి పోదామని ఆమె అన్నది. రెండు రోజుల విశ్రాంతితో తగ్గుతుందని నేను అన్నాను. అలా అనడానికి నా దగ్గర ఏ అంకె ఉందో నాకు తెలియదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అనసూయ ఎదురుకాళ్ళతో పుట్టింది. తల్లి కడుపులోంచి ముందు కాళ్ళతో బయటికి వచ్చినవారు నడుము మీద కాలు పెడితే పట్టేసిన నడుము విడుస్తుందని మా వైపు నమ్మకం. మేము తార్నాకకు వచ్చినప్పటి నుంచి చుట్టుపక్కల ఆడవాళ్ళూ మగవాళ్ళూ ఆమె కోసం వచ్చేవారు. హాల్లో బోర్లా పడుకుంటారు. ఆమె ఎడమ కాలితో మూడుసార్లు తాకిస్తుంది. వాళ్ళు లేచి, తగ్గిందంటూ వెళ్ళిపోతారు. నేను లోపలి గదిలో పేపరు చదువుకుంటూ, తాకించుకోకుండా తగ్గిన వారి సంఖ్య కూడా తెస్తే అప్పుడు మాట్లాడదామని వినపడేలా అనేవాణ్ణి.

శనివారం పొద్దున నేనే ఆమెను అడిగాను.

"నేను తొక్క" అన్నది. "కట్టుకున్న మొగన్ని కాలితోటి తన్నుడేంది? ఏ నరకానికి పోవాలె నేను?"

"ఊరందరికీ పనికొచ్చే కాలు నాకు పనికిరాదా?"

"ఇన్నేండ్లు నవ్వినరు గద దాని మీద! ఇయ్యాల దేవతైందా నా కాలు?"

నేను అరిచాను. నొప్పిలో ఉన్నవాడు అరిస్తే ఎదుటివారికి జవాబు ఉండదు. ఆమె ముందు నా పాదాలకు దండం పెట్టింది. తర్వాత గోడ పట్టుకొని, నడుము మీద ఎడమ కాలు ఆనించింది. ఏమీ తెలియలేదు. గట్టిగా తొక్కమన్నాను. ఇంకా గట్టిగా అన్నాను. ఆమె బరువు మోపింది.

సాయంత్రం బాత్రూముకు ఒక్కణ్ణే గోడ పట్టుకొని నడిచాను. తిరిగి చూస్తే ఎడమ చెప్పు హాలు మధ్యలో పడి ఉంది. అది కాలి నుంచి ఎప్పుడు జారిందో నాకు తెలియలేదు. పాదం ఎత్తబోయాను. మడమ లేచింది; వేళ్ళు నేలకే వేలాడాయి.

జూన్ 15, ఆదివారం

మా అమ్మాయి సరిత హబ్సిగూడలో ఉంటుంది, కాలేజీలో పాఠాలు చెబుతుంది. పొద్దున్నే వచ్చి, నా పాదం చూసి, తల్లి మీద పడింది.

"తొక్కినవా? బాపు నడుము మీద ఎక్కి నిలవడ్డవా? నీకేమన్న బుద్ధి ఉన్నదా అమ్మా?"

"నేను వద్దన్న బిడ్డా. ఆయనే..."

"ఆయనంటే? ఆయన బాయిల దుంకుమంటే దుంకుతవా?"

అప్పుడు నేను మాట్లాడాను. మాట్లాడకుండా ఉండవలసింది, కాని నేను నమ్మేది తేదీలనే. గురువారం షెడ్డులో నా రెండు కాళ్ళ మీద నిలబడ్డానని, శనివారం పొద్దున ఆమె తొక్కిందని, శనివారం సాయంత్రానికి పాదం పడిపోయిందని వరుసగా చెప్పాను. తేదీలు అబద్ధమాడవని కూడా అన్నాను.

అనసూయ కూర్చున్నచోటే ఎడమ పాదాన్ని చీర కుచ్చిళ్ళ కిందికి లాక్కుంది.

జూన్ 16, సోమవారం

ఆసుపత్రి పేరు అవసరం లేదు. నడుము జబ్బుల విభాగం ముందు, నడుము లేనివాడు కూడా నిటారుగా కూర్చోవలసిన ఇనుప కుర్చీలు వేసి ఉంటాయి. ఎవరు ఎంచారో వారిని అందులో ఒక పూట కూర్చోబెట్టాలి. పక్కనున్న మనిషి ఫోనులో స్థలం బేరం గట్టిగా ఆడుతున్నాడు. కౌంటరులో ఉన్నామె తల ఎత్తకుండానే "పిలుస్తం" అనేది. సరిత కాగితాలు పట్టుకొని ఒక గది నుంచి మరో గదికి తిరుగుతోంది. అనసూయ రాలేదు, నేను రమ్మనలేదు.

ఎదుటి వరుసలో ఆకుకూరలు అమ్ముకునే ఒక పెద్దావిడ ఉంది, అంబర్‌పేట్ నుంచి వచ్చిందట. కాసేపు నన్ను చూసి లేచింది.

"ఏందన్నా గట్ల వంకర్లు పోతున్నవ్? కూసోరాకపోతే పండుకో. ఈ రెండు కుర్సీలు పట్టు. నేను నిలవడ్త."

వద్దన్నాను.

"వద్దంటే నీ నడుము వింటదా? పండుకో. సిగ్గువడేటోళ్ళు ఈడికి రారు."

పడుకున్నాను. ఆమె తన నంబరు వచ్చేదాకా, చేతిసంచీ నా తల కింద పెట్టి, గోడకు ఆనుకొని నిలబడింది. ఆమె వచ్చింది కూడా నడుము నొప్పికే. కృతజ్ఞతలు చెప్పానో లేదో గుర్తు లేదు. చెప్పి ఉండను.

డాక్టరు చిన్న వయసు ఆవిడ. పాదం మీద చెయ్యి పెట్టి లేపమన్నది. బొటనవేలి మూలంలో చిన్న అదురు తప్ప ఏమీ రాలేదు. అయిదుకు ఒకటి అని రాసింది. స్కానింగులో, వెన్నుపూసల మధ్య మెత్తలాంటి డిస్కు బయటికి పొడుచుకొచ్చి నరాన్ని నొక్కుతోందని తేలింది. సరిత మందుల కోసం కిందికి వెళ్ళినప్పుడు, తేదీలన్నీ డాక్టరుకు అప్పజెప్పాను. భార్య తొక్కడం వల్లే పాదం పోయిందని రాయమన్నాను. ఎందుకు రాయించాలనుకున్నానో ఇప్పుడు తెలుసు. కోపానికి సంతకం ఉంటే బలం.

ఆవిడ పెన్ను కింద పెట్టింది.

"సార్, శనివారం మీరు చూసిన రోజు. పడిపోయిన రోజు కాదు. రెండు రోజులు మంచం మీదనే ఉన్నరు. లేచినప్పుడల్లా మేడమ్‌ను పట్టుకున్నరు. ఆ మధ్యల ఒక్కసారన్న పాదం లేపి చూసుకున్నరా?"

"లేదు."

"మరి గురువారం పోలేదని ఎట్ల చెప్తరు? బరువు పట్టుకున్నప్పుడే పోయిందా, మెల్లగ పోయిందా, తొక్కినప్పుడు పోయిందా, నాకు తెల్వది. మీకూ తెల్వది. తొక్కించుకోవద్దని మాత్రం వంద మందికి చెప్పుండ్రి. నడుము నొప్పి ఉన్న మనిషికి పాదం బలం తగ్గితే, మూత్రం తేడా వస్తే, ఆ రోజే రావాలె. మీరు రెండు రోజులు ఆగిన్రు. అది మాత్రం రాస్త."

రాసింది. సరిత మందులతో తిరిగి వచ్చేసరికి ఆవిడ వేరే మనిషిని పిలుస్తోంది. ఈ సంభాషణను నేను ఇంటికి తీసుకెళ్ళలేదు.

జూన్ 19న ఆపరేషన్ జరిగింది. కాలిలోని మంట మత్తు దిగేసరికే పోయింది. పాదం మాత్రం వేలాడుతూనే ఉంది. నరం కోలుకోవడానికి నెలలు పడుతుందని, కోలుకోకపోవచ్చు కూడా అని చెప్పారు.

జూలై నుంచి సెప్టెంబరు వరకు

రోజూ పొద్దున ఒకరు నా పాదం మీద అరచెయ్యి ఆనించి కిందికి నొక్కాలి. ఆ చేతికి ఎదురుగా నేను వేళ్ళు పైకి లేపాలి. భార్యకు నేర్పిస్తే చాలని ఆసుపత్రిలో అన్నారు. అనసూయ గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"నేను ముట్ట. నేను ముట్టింది సాలు."

అందువల్ల సరిత తెల్లవారగానే హబ్సిగూడ నుంచి మెట్రోలో వచ్చి, నా పాదం నొక్కి, అటునుంచే కాలేజీకి పోయేది. ఆమె విసుగు చేతిలో తెలిసేది. అనసూయ వండేది, వడ్డించేది, కంచం బల్ల మీద పెట్టి వెనక్కి తగ్గేది. ఇంట్లో నేను నడుస్తుంటే గోడవైపు ఒదిగేది, తన నీడ తగిలితే కూడా నాకేదో అవుతుందన్నట్టు. పై అంతస్తు నుంచి ఒకామె నడుము పట్టుకొని వస్తే తలుపు సగమే తీసి, ఇక్కడ ఆ పని మానేశామని పంపించింది. ఒక్క వాక్యంతో ఇదంతా ఆపగలనని నాకు తెలుసు. ఆపలేదు. పాదం నేలకు ఈడ్చుకుపోయే ప్రతిసారీ నాకు ఎవరో ఒకరు కావలసి వచ్చేది. ట్రాక్టరును తిడితే వినదు.

తోటల విభాగం అధికారి యాపిల్ పండ్లతో వచ్చాడు. కుర్చీలో కూర్చొని, కాసేపు వాతావరణం గురించి మాట్లాడి, "ఆ రోజు చట్రం చెవి ఏం కాలేదు కద సార్? నీటి సెక్షనోళ్ళు అడుగుతున్నరు" అన్నాడు.

నేను నోరు తెరిచేలోగా వంటింట్లోంచి అనసూయ జవాబిచ్చింది: "ఇనుము మంచిగనే ఉన్నది సార్. మనిషే ఇరిగిండు. ఆ యాపిల్లు తీస్కపోయి దానికే పెట్టుండ్రి."

అతను టీ తాగకుండా వెళ్ళిన ఏకైక అతిథి. చట్రాన్ని రోజూ ఊడదీయించవద్దని, జాకీని షెడ్డులోనే ఉంచమని రెండు విభాగాలకూ ఆగస్టులో రాశాను. ఒకరు ఇంకొకరి అభిప్రాయం కోరారు. ఆ ఇంకొకరు ఇంకా కోరుతున్నారు. సెప్టెంబరు చివర్లో పాదం అయిదుకు మూడు.

అక్టోబరు

దసరా సెలవుల తర్వాత ఒక మధ్యాహ్నం మల్లేశ్ మెట్లెక్కి వచ్చాడు. నిటారుగా రాలేదు, కుడి చెయ్యి తొడ మీద ఆన్చుకొని, సగానికి వంగి వచ్చాడు. అదే చట్రం, అదే షెడ్డు. జాకీ గది తాళం చెవి మనిషి ఈసారి పెళ్ళికి పోయాడట.

"అమ్మా, జర కాలు పెట్టు. రెండు దినాలాయె, లేస్తే కూసోరాదు, కూసుంటే లేవరాదు" అంటూ హాల్లో బోర్లా పడుకోబోయాడు.

అనసూయ మంచినీళ్ళ గ్లాసు అక్కడే పెట్టి వంటింట్లోకి పోయింది. కుళాయి విప్పిన చప్పుడు వినిపించింది.

నేను అతణ్ణి పడుకోనివ్వలేదు. గోడ పట్టుకొని మడమల మీద నిలబడమన్నాను. బూతులు మింగుకుంటూ నిలబడ్డాడు. రెండు పాదాల వేళ్ళూ లేచాయి. మూత్రం మామూలుగానే ఉందన్నాడు. వెంటనే డాక్టరు దగ్గరికి పొమ్మన్నాను, పాదం బలం తగ్గినట్టు అనిపిస్తే ఒక గంట కూడా ఆగవద్దని చెప్పాను.

"పోత గని, ఒక్క మాట సార్. అమ్మ తొక్కుట్లనే మీ కాలు వొయిందని మా సెక్షన్ల అంటున్నరు. నిజమేనా? మా పెద్దవ్వ గూడ ఎదురుకాళ్ళదే. ఆమె మస్తు లావుంటది. నిజమైతే నేను ఊరికి ఆమె దగ్గరికి పోనే పోను."

వంటింట్లో కుళాయి ఆగింది.

"ఎవరితోనూ తొక్కించుకోకు, లావైనా సన్నమైనా" అన్నాను. "కాని నా పాదం పోయింది ఆమె వల్ల కాదు. చట్రం వల్ల."

అనసూయ చేతులు కొంగుకు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

"ఎవరు చెప్పిన్రు?"

"నేనే చెబుతున్నాను."

"తారీఖు ఉన్నదా?"

"ఉంది. జూన్ పన్నెండు, గురువారం."

ఆమె నన్ను చూసింది. మల్లేశ్ కూడా నొప్పి మరిచి మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"నాలుగు నెలలకు యాదికొచ్చిందా?" అన్నది. గ్లాసు తీసి మల్లేశ్ చేతికిచ్చి, "నువ్వు తాగు బిడ్డా, తాగి దవాఖానకు నడువు" అని మళ్ళీ లోపలికి పోయింది.

ఆ తేదీకి నా దగ్గర ఆధారం లేదు. గురువారం అని చెప్పడానికి ఎంత హక్కుందో, శనివారం అని చెప్పడానికీ అంతే ఉంది. మొదటి లెక్కకు ఆధారం లేదని తెలిసీ నాలుగు నెలలు దాన్ని ఇంట్లో నడిపించాను. ఈ రెండోదాన్ని మిగిలిన జీవితమంతా నడిపిస్తాను. అనసూయ ఇది చదువుతుంది. ఆధారం లేదన్న మాట కూడా చదువుతుంది. చదవనీ.

మరునాడు పొద్దున సరిత రాలేదు. రావద్దని తల్లి ఫోను చేసిందట. నేను మంచం మీద కాళ్ళు చాపుకొని కూర్చున్నాను. అనసూయ వచ్చి, మంచం చివర కూర్చొని, మోచేతి దాకా గాజులు వెనక్కి తోసి, నా ఎడమ పాదం మీద అరచెయ్యి ఆనించింది. చెయ్యి చల్లగా, అంట్లు తోమిన వాసనతో ఉంది. నొక్కింది. సరిత కంటే గట్టిగా నొక్కింది.

"లేపుండ్రి."

లేపాను. వేళ్ళు కొంచెం లేచి, వణికి, ఆగాయి.

"ఇంతేనా? ముప్పై ఎనిమిది కిలోల ఇనుము లేపినోళ్ళకు నా చెయ్యి లేవదా? లేపుండ్రి!"